త్సుబా మీద నలుపు మురికి కాదు: కొత్తగా సేకరణ మొదలుపెట్టినవారికి జవాబు

నమస్కారమండీ. క్యోటో వెళ్ళినప్పుడు ఒక సంతలో రెండు త్సుబాలు, అంటే జపాన్ కత్తి పిడి దగ్గర వేసే బిళ్ళలు, కొన్నానని రాశారు. ఒకటి ఇనుముది. చంద్రుడు, ఎగిరే వలస బాతులు జాలీగా కోసి ఉన్నాయి, మధ్య కన్నం పక్కన రెండక్షరాలు చెక్కి ఉన్నాయి. విశాఖ తెచ్చిన కొద్దిరోజులకే అక్కడక్కడా ఎర్రగా తుప్పు లేచిందన్నారు. రెండోది చిన్నది, నల్లటి లోహం మీద బంగారు చామంతులు. దాని అంచున ఒకచోట నలుపు పోయి రాగి రంగు కనిపిస్తోందన్నారు. వీటిని ఎలా తోమాలి, నిజంగా పాతవేనా, ఇంకా కొనాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు.

మొదటిదానికి జవాబు ముందే చెప్పేస్తాను, ఎందుకంటే అందులో పొరపాటు జరిగితే మిగతా రెండు ప్రశ్నలకీ అర్థం ఉండదు. తోమకండి. చింతపండు వద్దు, నిమ్మకాయ వద్దు, ఇత్తడి సామాన్ల పొడి వద్దు, తుప్పు వదిలించే మందు వద్దు, గరుకు కాగితం అసలే వద్దు. మన ఇళ్ళల్లో రాగి చెంబు తళతళలాడితేనే శుభ్రంగా ఉన్నట్టు లెక్క. త్సుబా విషయంలో ఆ అలవాటే శత్రువు. మీరు మురికి అనుకుంటున్న ఆ రంగును పనివాడు కావాలని, ఎంతో కష్టపడి తెచ్చాడు. ధర, వయసు, అందం అన్నీ ఆ పలుచని పైపొరలోనే ఉంటాయి. నేను చెప్పబోయేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ఈ వస్తువు గురించి తెలియనివారి కోసం నాలుగు మాటలు. జపాన్ కత్తి అలుగుకీ పిడికీ మధ్య ఉండే బిళ్ళను త్సుబా అంటారు. చెయ్యి జారి అలుగు మీదికి పోకుండా ఆపుతుంది, కత్తి బరువును చేతికి దగ్గరగా నిలబెడుతుంది. పెద్ద కత్తికి వేసేవి సాధారణంగా ఏడున్నర, ఎనిమిది సెంటీమీటర్లు ఉంటాయి. నడుముకి రెండోదిగా పెట్టుకునే చిన్న కత్తివి అంతకంటే చిన్నవి. నడిమధ్య నిలువుగా ఉండే కన్నంలోంచి అలుగు చివర పిడిలోకి దిగుతుంది. దాని పక్కన ఒకటో రెండో వేరే కన్నాలుంటే, అవి ఒర పక్కన దోపుకునే చిన్న చాకుకీ, జుట్టు సవరించుకునే పుల్లలాంటి కోగాయ్‌కీ దారి. ఒకే కత్తికి కాలాన్ని బట్టి, హోదాను బట్టి త్సుబా మార్చుకునేవారు. అందుకే ఇవి కత్తి నుంచి విడిపోయి, వేటికవే సొంత వస్తువులుగా మనదాకా వచ్చాయి.

ముందు మీ నల్ల త్సుబా సంగతి. మీ వర్ణనను బట్టి అది షకుదో కావచ్చు. రాగిలో కొద్దిగా, సాధారణంగా నూటికి ఐదారు పాళ్ళు మించకుండా, బంగారం కలిపి కరిగించిన లోహమది. కరిగించి పోసినప్పుడు నల్లగా ఉండదు, మసకబారిన రాగిలాగే ఉంటుంది. చెక్కడం, పొదగడం అంతా పూర్తయ్యాక బొగ్గుతో మెత్తగా రుద్ది, జిడ్డు లేకుండా కడిగి, తురిమిన ముల్లంగి రసంలో ముంచి, రాగి చిలుము, మైలుతుత్తం కలిపిన నీళ్ళలో ఉడకబెడతారు. నిఇరో అంటారు ఈ పద్ధతిని. అందులోంచి తీసేసరికి షకుదో కాకి రెక్కలా నీలం తిరిగిన నలుపుకి వస్తుంది. రాగిలో నాలుగో వంతుదాకా వెండి కలిపిన షిబుయిచి బూడిదరంగుకి, మామూలు రాగి ఇటుకరంగుకి తిరుగుతాయి. బంగారం మాత్రం ఏ మార్పూ లేకుండా పచ్చగానే ఉంటుంది. ఒకే తొట్టెలో, ఒకే నీళ్ళలో ఇన్ని రంగులు వస్తాయి. అంటే ఆ పనివాడు లోహాలను అతికేటప్పుడే, కంటికి ఇంకా కనబడని రంగులను మనసులో పెట్టుకుని అతికాడు. ఈ పొర మందం మైక్రాన్లలో ఉంటుంది. చింతపండు పులుపు తగిలితే నిమిషాల్లో పోతుంది. జపాన్‌లో మళ్ళీ రంగు తెప్పించే పనివాళ్ళు ఉన్నారు గానీ, అప్పుడు మీ చేతిలో ఉండేది ఈనాటి రంగే.

ఈ సూత్రం తెలుగువాళ్ళకి పరాయిది కాదు. బీదర్ ఒకప్పుడు హైదరాబాద్ రాజ్యంలోనే ఉండేది. బిద్రీ పనిలో జింకు ఎక్కువ, రాగి తక్కువ కలిపి పోతపోసి, వెండి పొదిగి, చివర్లో బీదర్ కోట మట్టిని నవాసారంతో కలిపి పూస్తారు. ఆ మట్టికి జింకు లోహం నల్లబడుతుంది, వెండి తెల్లగానే మిగులుతుంది. ఇక్కడ మట్టి, అక్కడ చిలుము నీళ్ళు. ఒక లోహాన్ని మార్చి పక్కదాన్ని ముట్టుకోని రసాయనం మీదే రెండు విద్యలూ నిలబడ్డాయి. బిద్రీ హుక్కా బుడ్డిని ఎవరైనా గట్టిగా తోమి నలుపు వదలగొడితే ఎంత బాధపడతారో, మీ చామంతుల త్సుబా విషయంలో అంతే అనుకోండి.

ఇప్పుడు ఆ రాగి కనబడే చోటు. కంసాలులు వాడే పది రెట్ల లూప్, అంటే చిన్న భూతద్దం, ఒకటి కొనండి, ఈ సరదాకి అంతకంటే ఉపయోగపడే పనిముట్టు లేదు. కిటికీ పక్కన కూర్చుని వెలుతురు ఏటవాలుగా పడేలా పట్టుకుని, ఆ చోటు అంచును చూడండి. నలుపు నుంచి రాగికి రంగు మెల్లమెల్లగా పలచబడుతూ పోతే, అది అరుగుదల. పట్టుకున్న చేతులు, బట్టలు, దశాబ్దాలుగా రాసుకున్న గుడ్డ చేసిన పని అది. ఎత్తుగా ఉండే అంచుల మీద అది సహజం, దాని గురించి దిగులుపడక్కర్లేదు. షకుదో అయితే చేతుల్లో తిరుగుతూ ఉంటే ఏళ్ళ మీద ఆ చోటు మళ్ళీ మసకబారుతుంది కూడా. అలా కాకుండా నలుపు పెచ్చులా లేచి, దానికి మందం, మెట్టులాంటి అంచు కనిపిస్తే అది పైన పూసిన రంగు. పిన్నుతో గీకి చూడాలనిపిస్తుంది, అది మాత్రం చేయకండి.

లూప్ చేతిలో ఉండగానే చామంతుల వెనక నేలను కూడా చూడండి. అక్కడ సన్నటి చుక్కలు వరసలుగా ఉంటే దాన్ని ననకో అంటారు. కొన గుంటగా ఉండే చిన్న ఉలిని లోహం మీద నిలబెట్టి, ఒక్కో దెబ్బకి ఒక్కో గుండ్రటి పొక్కు లేచేలా కొడతారు. మంచి పనిలో ప్రతి పొక్కూ పూర్తి అర్ధగోళంగా నిలబడి ఉంటుంది, పక్కదానికి తగులుతుంది గానీ దాని మీదికి ఎక్కదు. వరసలు త్సుబా అంచు గుండ్రాన్ని అనుసరించి వంగుతాయి. చామంతి రేకు దగ్గరకి వచ్చేసరికి చేతకాని పనివాడి వరస తడబడి ఖాళీ వదిలేస్తుంది. చేయి తిరిగినవాడి వరస రేకు కిందికి దూరి పోయినట్టే ఉంటుంది. ఈ ఒక్క పనే జీవితమంతా చేసిన ప్రత్యేక పనివాళ్ళు ఉండేవారు. అచ్చు పోసిన నకలులో ఈ చుక్కలు కరిగిన మైనం బొట్లలాగా, మధ్యలో సందు లేకుండా మొద్దుగా ఉంటాయి. ఒకసారి నిజమైన ననకో చూసిన కన్ను మళ్ళీ మోసపోవడం కష్టం.

ఇక ఇనుము దగ్గరకి వద్దాం. నా ఇష్టం దాచుకోను, నాకు ఇనుమే ప్రాణం. బంగారం ఎవరినైనా ఆపి చూపిస్తుంది. ఇనుము కొంచెం ఓపిక పట్టినవాళ్ళకే కనబడుతుంది. పాత ఇనుప త్సుబా రంగు కూడా ఊరికే వచ్చింది కాదు. తుప్పునే అదుపులో పెట్టి పట్టించి, రుద్ది, గట్టి పొరగా మార్చారు. ఒక్కో ఇంటికి ఒక్కో గుట్టు ఉండేది. కొన్ని కాఫీగింజ రంగులో, కొన్ని వంకాయ తొక్కలా ఊదా తిరిగిన నలుపులో ఉంటాయి. నేనుండే నాగోయా ఉన్న ప్రాంతానికి పాతపేరు ఒవారి. ఒవారి జాలీ త్సుబాలకి గట్టి పేరుంది. వాటిలో పాతదాన్ని పట్టుకుని అంచు వెంబడి బొటనవేలు పోనిస్తే, గరుకు కాదు గానీ చిన్నచిన్న గడ్డల్లాంటివి తగులుతాయి. వెలుతురులో తిప్పితే అవి చుట్టూ ఉన్న ఇనుము కంటే నున్నగా, కాస్త మెరుపుగా కనిపిస్తాయి. ఇనుమును మడతపెట్టి కొట్టినప్పుడు ఒకచోట గట్టిగా, ఒకచోట మెత్తగా మిగులుతుంది. వందల ఏళ్ళలో మెత్తటిది ముందు అరిగిపోగా గట్టిది పైకి తేలింది. వీటిని తెక్కోత్సు, అంటే ఇనుప ఎముకలు అంటారు. అవి కనిపిస్తే సేకర్తల ముఖం విప్పారుతుంది. తోమే యంత్రం కింద పెట్టినవాడు ఈ చరిత్ర మొత్తాన్ని ఒక్క పూటలో చెరిపేస్తాడు.

మీ బాతుల త్సుబా మీద లేచిన ఎర్రటి తుప్పు వేరు, అది బతికి ఉన్న తుప్పు. ముట్టుకుంటే వేలికి నారింజ పొడి అంటుతుంది. దాన్ని తీయాల్సిందే, కానీ తీరుగా తీయాలి. ఇనుము కంటే మెత్తగా, తుప్పు కంటే గట్టిగా ఉండేది కావాలి. జపాన్‌లో జింక కొమ్ము ముక్క వాడతారు. మన దగ్గర నున్నగా అరగదీసిన ఎముక ముక్క సరిపోతుంది. ఎర్ర మచ్చ మీద మాత్రమే, అంచు ఆనేలా పెట్టి, తేలికగా ముందుకీ వెనక్కీ రుద్దండి. ఎర్ర పొడి రాలుతుంది, నల్ల పొర నిలుస్తుంది. నల్ల పొడి రావడం మొదలైతే ఆపేయండి. తర్వాత పొడి నూలుగుడ్డ, పాత పంచె ముక్క అయితే ఇంకా మంచిది. రోజూ టీవీ చూస్తూ కాసేపు ఆ గుడ్డతో రుద్దుతూ ఉంటే నెలల తరబడి పొర చిక్కబడి లోతైన మెరుపు వస్తుంది. ఇక్కడి పాత సేకర్తలు చేసేది ఇదే. నూనె రాయాలనిపిస్తే ఒక్క చుక్క గుడ్డకి రాసి, ఆ గుడ్డతో తుడిచి, మళ్ళీ పొడిగుడ్డతో పూర్తిగా తీసేయండి. నూనె నిలిచిపోతే దుమ్ము పట్టి కింద తేమ దాగుతుంది. విశాఖ గాలిలో ఉప్పు ఉంటుంది కాబట్టి గోడకి తగిలించి ప్రదర్శన పెట్టే ఆలోచన మానుకోండి. మూత బిగుతుగా ఉన్న డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి, వానాకాలంలో పొట్లాలు మారుస్తూ ఉండండి. వేలిముద్ర పడితే వెంటనే తుడవాలి, చెమటలోనూ ఉప్పే ఉంటుంది. నల్ల త్సుబాకి ఈ రుద్దుడు వర్తించదు. దాన్ని అంచులు పట్టుకుని తీయండి, మెత్తటి గుడ్డతో దుమ్ము దులపండి, అంతే.

నిజంగా పాతదా అనే ప్రశ్నకి మాటల్లో రాసిన వర్ణన చాలదు. మీరే చూసుకోగల గుర్తులు చెబుతాను. అన్నిటికంటే పెద్ద అబద్ధం పోత ఇనుము. పర్యాటకుల కోసం, అలంకార కత్తుల కోసం అచ్చులో పోసినవి లెక్కలేనన్ని తిరుగుతున్నాయి. త్సుబా ముఖం చూడకండి, కోసిన కన్నాల లోపలి గోడలు చూడండి. అచ్చు చేసేవాడు ముఖాన్ని జాగ్రత్తగా చేస్తాడు, గోడల్ని వదిలేస్తాడు. చేత్తో కోసిన జాలీలో బాతు మెడ వంపు లోపల ఆకురాయి గీతలు, ఉలి దెబ్బలు ఉంటాయి, అవి కూడా పాతబడి నున్నబడి ఉంటాయి. పోతపోసినదానిలో ఆ గోడ ఇసుకలా గరుకుగా ఉంటుంది, చిన్న బుడగ గుంటలుంటాయి, ఒక్కోసారి గోడ మధ్యలో అచ్చు రెండు సగాలూ కలిసిన సన్నటి గీత కనబడుతుంది. మూలలు కూడా పదునుగా ఉండవు, కరిగినట్టు గుండ్రబడి ఉంటాయి. దారానికి కట్టి వేలాడదీసి చెక్కపుల్లతో తట్టితే సుత్తితో సాగగొట్టిన ఇనుము ఖంగుమంటుందని, పోత ఇనుము బొంగురుగా పలుకుతుందని చెబుతారు. నేను దీన్ని చివరి సాక్ష్యంగానే వాడతాను, ఎందుకంటే పొదిగిన పని ఎక్కువున్న మంచి త్సుబా కూడా బొంగురుగానే పలుకుతుంది.

తర్వాత మధ్య కన్నం. పాత త్సుబా ఒక కత్తి నుంచి ఇంకో కత్తికి మారుతూ వచ్చింది కదా, ప్రతిసారీ కొత్త అలుగుకి సరిపోయేలా కన్నాన్ని సవరించేవారు. పైనా కిందా రాగి ముక్కలు ఇరికించి బిగించేవారు. కన్నం చుట్టూ ఉలితో నొక్కి లోహాన్ని లోపలికి తోసేవారు. కన్నం చుట్టూ ఉన్న చదునైన చోట పల్చటి రాగి బిళ్ళలు ఆనుకుని ఉండేవి కాబట్టి అక్కడ రంగు మిగతా ఇనుము కంటే తేడాగా, కొద్దిగా నొక్కుకుపోయి ఉంటుంది. పక్క కన్నాలను ఎవరో మధ్యలో సీసంతోనో షకుదోతోనో మూసేసి ఉండవచ్చు, అది లోపం కాదు. ఇవేవీ లేకపోయినా నకిలీ అని కొట్టిపారేయకండి, ఎప్పుడూ కత్తికి ఎక్కని త్సుబాలు కూడా ఉన్నాయి. కానీ కన్నం కొత్తగా, అంచులు మెరుస్తూ ఉండి, మిగతా అంతా వందల ఏళ్ళ తుప్పు వేషం వేసుకుని ఉంటే అనుమానించాలి.

అక్షరాల గురించి గట్టిగా చెప్పాలి. ఆ రెండక్షరాలూ నోబుయే అని చదివించారనుకోండి, వెంటనే సంబరపడకండి. మొమోయామా కాలం, అంటే 16వ శతాబ్దం చివర, ఇనుప త్సుబాలో నోబుయే, కనెయే అనే రెండు పేర్లు శిఖరాలు. నోబుయే పనిలో ఎక్కువగా నిండు పలక మీద తాబేటి చిప్ప గళ్ళో అక్షరాలో చెక్కి, ఇనుము బరువునే అందంగా చూపిస్తాడు. బాతుల్ని జాలీగా కోసిన త్సుబా మీద ఆ పేరుంటే మొదటే ప్రశ్న లేవాలి. కనెయే త్సుబా మీద కొండలు, గుడిసెలు, పడవలతో చిన్న చిత్రపటమే నిలబెట్టాడు. తర్వాతి వాళ్ళంతా ఆయన వెనకే నడిచారు. ఈ పేర్లను ఎదో కాలంలో (1603 నుంచి 1868 దాకా సాగిన షోగున్ల పాలన), ఆ తర్వాతి మెయిజీ కాలంలో, నిన్నా మొన్నా కూడా చెక్కుతూనే ఉన్నారు. దొంగ సంతకం ఉన్న మంచి త్సుబాలున్నాయి, అసలు సంతకమే లేని మహాద్భుతాలున్నాయి. పాత జాలీ పనిలో సంతకం లేకపోవడమే ఆనవాయితీ. అందుకని పేరు చదవడం చివరి పనిగా పెట్టుకోండి, ముందు లోహం, తర్వాత పని, ఆ తర్వాతే పేరు.

జపాన్‌లో నమ్మకమైన నిర్ధారణ పత్రాలు ఇచ్చేది ఎన్‌బీటీహెచ్‌కే, 1948లో ఏర్పడ్డ ఖడ్గ సంరక్షణ సంఘం. దాని మ్యూజియం ఇప్పుడు తోక్యోలో ర్యోగొకు దగ్గరుంది. త్సుబాలకి వాళ్ళిచ్చే పత్రాల్లో మొదటి మెట్టు హోజోన్, ఆ పైన తోకుబెత్సు హోజోన్, ఆ పైన జూయో, అన్నిటికంటే పైన తోకుబెత్సు జూయో. సంతకం ఉన్నదానికి హోజోన్ వచ్చిందంటే ఆ సంతకం సరైనదని వాళ్ళు ఒప్పుకున్నట్టు. సంతకం లేనిదైతే ఫలానా సంప్రదాయం అని రాస్తారు. 1982కి ముందు పద్ధతిలో కిచో పేరుతో ఇచ్చిన పాత పత్రాలను ఇప్పుడు అంతగా లెక్కలోకి తీసుకోరు, వాటిని చూపించి ఎక్కువ ధర అడిగితే ఒప్పుకోకండి. పత్రం మీద ఫోటో ఉంటుంది. ఆ ఫోటోలో మధ్య కన్నం చుట్టూ ఉన్న ఉలి గుర్తులను మీ చేతిలో ఉన్నదానితో ఒక్కొక్కటే పోల్చుకోండి. పత్రం ఒకదానిది, త్సుబా ఇంకొకటి అయ్యే ప్రమాదం ఉంది.

ఎక్కడ మొదలుపెట్టాలి అన్నారు. సంప్రదాయాలు అరవై డెబ్భై పేర్లుగా కనిపించి బెదరగొడతాయి. అన్నీ ఒకేసారి నేర్చుకోవాలని చూడకండి. రెండు ధోరణులను ఎదురెదురుగా పెట్టుకుంటే చాలు, మిగతావన్నీ మధ్యలో ఎక్కడో కుదురుకుంటాయి.

ఒకవైపు గోతో ఇల్లు. మూలపురుషుడు గోతో యూజో, 1440లో పుట్టి 1512లో పోయాడు. అషికాగా వంశపు షోగున్, అంటే సైనిక పాలకుడు, యోషిమసా కొలువులో పనిచేశాడు. ఆ తర్వాత ఆ వంశం షోగున్ల కొలువు పనివాళ్ళుగా 19వ శతాబ్దం దాకా తరతరాలు సాగింది. షకుదో, ననకో, బంగారు బొమ్మలు వీళ్ళ ముద్ర. త్సుబాల కంటే పిడి మీది చిన్న అలంకారాలు, చాకు పిడులు, కోగాయ్‌లే ఎక్కువ చేశారు. ఐదో తరం తోకుజో, అప్పటి జపాన్ ఏలిక హిదెయోషి కోసం ఓబాన్ అనే పెద్ద బంగారు నాణేలు కూడా చేశాడు. అంటే బంగారం మీద రాజ్యం వీళ్ళకిచ్చిన నమ్మకం అంతటిది. మీ చామంతుల త్సుబా గోతో వాళ్ళది అని నేననడం లేదు, కానీ ఆ అభిరుచి నుంచి దిగివచ్చిన పని. ఇదే దారిని తిరగేసినవాడు యోకోయా సోమిన్, 1670 నుంచి 1733. కొలువు పద్ధతులు వదిలేసి, కుంచెతో వేసిన గీతలాగే ఉలిని ఏటవాలుగా నడిపి లోహం మీద బొమ్మ గీశాడు. గీత ఒకచోట లావుగా, ఒకచోట సన్నంగా, తడిసిరాలా సాగుతుంది. ఆయన పేరు మీద దొంగ సంతకాలు కోకొల్లలు.

రెండోవైపు హిగో, ఇప్పటి కుమామోతో. నా మనసు అక్కడే ఉంటుంది కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాను. 1632లో హొసొకావా వంశం హిగోకి వచ్చింది. ఆ ఇంటి పెద్ద తదావోకి, సన్సాయ్ అనే పేరుతో ప్రసిద్ధుడు, తేనీటి గురువు సెన్ నో రిక్యూకి శిష్యుడు. తేనీటి గదిలో నేర్చుకున్న కన్నుతో ఆయన కత్తి సామగ్రిని చూశాడు. ఆడంబరం లేకుండా, చేతిలో పెట్టుకుంటే వెచ్చగా అనిపించే ఇనుము కావాలనుకున్నాడు. ఆ నీడలో హయాషి మతాషిచి, హిరతా హికోజో, నిషిగాకి కన్షిరో, షిమిజు జింగో లాంటివాళ్ళు ఎదిగారు. మతాషిచిది తుపాకులు చేసే ఇల్లు. తుపాకీ గొట్టాల మీద బంగారం పొదిగే చేయి త్సుబాకి వచ్చింది. హిగో ఇనుములో బంగారం ఉన్నా అరవదు. ఇనుము మీద సన్నగా అడ్డంగా నిలువుగా గీతలు గీసి, ఆ గరుకు మీద బంగారు రేకు పెట్టి కొట్టి అతికిస్తారు, దాన్ని నునొమే జోగాన్ అంటారు. అరిగేకొద్దీ బంగారం పలచబడి కింది గీతల అల్లిక బయటపడుతుంది. ఆ అరిగిన బంగారం కొత్త బంగారం కంటే అందంగా ఉంటుందని నా గట్టి నమ్మకం. మన ఉత్తరాది, దక్కను ఆయుధాల మీద చేసే కోఫ్త్‌గరి ఇదే పద్ధతి. తోక్యోలోని ఎయ్‌సెయ్ బుంకో మ్యూజియంలో హొసొకావా కుటుంబ సేకరణ ఉంది, హిగో త్సుబాలు ప్రదర్శనకు పెట్టినప్పుడు వెళ్ళగలిగితే తప్పకుండా చూడండి.

ఇవి ఇంత విరివిగా బజారుకి ఎలా వచ్చాయో తెలిస్తే కొనేటప్పుడు పనికొస్తుంది. 1876లో మెయిజీ ప్రభుత్వం కత్తి ధరించి బయట తిరగడాన్ని నిషేధించింది. ఒక్కసారిగా సమురాయ్ ఇళ్ళకి కత్తి సామగ్రి అక్కర్లేకుండా పోయింది, పనివాళ్ళకి పని పోయింది. కానో నత్సువో లాంటి మహానుభావుడు అప్పటికే ఒసాకా టంకశాలకి కొత్త యెన్ నాణేల నమూనాలు చేసి ఉన్నాడు, తర్వాత తోక్యో లలితకళా పాఠశాలలో బోధించాడు. చాలామంది పూలకూజాలు, సిగరెట్ డబ్బాల వైపు మళ్ళారు. త్సుబాలు పెట్టెలకొద్దీ ఐరోపాకి, అమెరికాకి పోయాయి. ఆ సేకరణలే ఇవాళ బోస్టన్ లలితకళల మ్యూజియంలో, న్యూయార్క్ మెట్రోపాలిటన్‌లో, ఆక్స్‌ఫర్డ్ ఆష్మోలియన్‌లో ఉన్నాయి. ఆష్మోలియన్‌లో ఉన్నది ఆర్థర్ చర్చ్ అనే రసాయన శాస్త్రవేత్త కూర్చినది, లోహాల మీద ఆయనకి మోజు ఎందుకో మీకిప్పటికి అర్థమయ్యే ఉంటుంది. అదే కాలంలో విదేశీ కొనుగోలుదారు కోసమే, పాతవాటి వేషంలో, మితిమీరిన బంగారంతో చేసినవి కూడా బయల్దేరాయి. మనుషులు, చెట్లు, వంతెనలు కిక్కిరిసి, ఖాళీ అన్నదే లేకుండా, సోతెన్ పేరుతో సంతకం ఉన్న త్సుబా కనబడితే నెమ్మదిగా ఆలోచించండి. హికొనే ఊరి సోతెన్‌కి మంచి పనులున్నాయి, కానీ ఆ తరహాలో గంపగుత్తగా చేసినవి వాటికంటే ఎన్నో రెట్లు ఎక్కువ.

డబ్బు గురించి సూటిగా చెబుతాను. నేను చూసినంతలో, ఎదో కాలం నాటి నిజాయితీ గల మామూలు ఇనుప త్సుబా ఇరవై ముప్ఫై వేల యెన్లకి దొరుకుతుంది. హోజోన్ పత్రం ఉన్న మంచిదానికి అంతకి కొన్ని రెట్లు పెట్టాలి. జూయో స్థాయి లక్షల యెన్ల వ్యవహారం. మొదటి ఏడాది ఐదారు చవకవి కొనాలనిపిస్తుంది. ఆ డబ్బంతా కూడబెట్టి పత్రం ఉన్న ఒక్కటి కొనండి. మంచి ఇనుము ఒకటి రోజూ చేతిలో ఉంటే, చెడ్డ ఇనుమును దుకాణంలోనే చెయ్యి గుర్తుపడుతుంది. చెడ్డవి ఆరు ఉంటే చెయ్యి వాటికే అలవాటు పడుతుంది. తోక్యోలో ఏటా శరదృతువులో జరిగే దాయ్ తోకెన్ ఇచి కత్తుల సంతకి వీలైతే ఒకసారి రండి. అక్కడ దుకాణదారులు అడిగితే చేతికిచ్చి చూపిస్తారు. ఉంగరాలు, వాచీ తీసేసి, పరిచిన గుడ్డ మీదుగా, రెండు చేతులతో అంచులు పట్టుకుని చూడండి. ఒక్కరోజులో ఏ పుస్తకమూ నేర్పనంత నేర్చుకుంటారు. అంతదాకా ఖర్చులేని చదువు ఉంది. మెట్రోపాలిటన్, బోస్టన్ మ్యూజియంల వెబ్‌సైట్లలో త్సుబాల ఫోటోలు పెద్దవిగా పెట్టారు, వాటిని రోజుకి కొన్ని చూడండి. హైదరాబాద్ వెళ్ళినప్పుడు సాలార్ జంగ్ మ్యూజియంలో జపాన్ కత్తులనీ, బిద్రీ గదినీ, ఆయుధాల గదినీ ఒకే రోజు చూడండి. నేను చెప్పిన నలుపు, పొదిగిన పని, కోఫ్త్‌గరి గీతలు అక్కడే పక్కపక్కన దొరుకుతాయి.

ఇంకో సంగతి. జపాన్‌లో అలుగుకి ప్రభుత్వ రిజిస్ట్రేషన్ కాగితం తప్పనిసరి, దేశం దాటించాలంటే అనుమతి కావాలి. విడి త్సుబాకి ఆ కత్తి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అయినా పార్సిల్ తెప్పించేటప్పుడు పెట్టె మీద కత్తి అనే మాట కనిపిస్తే మన కస్టమ్స్‌లో ఆగిపోతుంది. పాత లోహ అలంకార వస్తువు అని, దేనితో చేసిందో, ఎన్ని సెంటీమీటర్లో, అసలు ధర ఎంతో నిజంగా రాయమని అమ్మేవాడిని అడగండి. రసీదు, పత్రం జిరాక్సు పెట్టె లోపలా బయటా ఉండాలి.

మీ రెండింటి గురించీ ఇంతకంటే చెప్పాలంటే ఫోటోలు కావాలి. ఫ్లాష్ వేయకుండా, పగటి వెలుతురులో, తెల్ల కాగితం మీద పెట్టి రెండు ముఖాలూ తీయండి. ఇనుప త్సుబాని ఏటవాలుగా పట్టుకుని బాతు మెడ దగ్గర కన్నం లోపలి గోడ కనబడేలా ఒకటి, అంచు మందం కనబడేలా పక్క నుంచి ఒకటి, అక్షరాలు దగ్గరగా ఒకటి తీయండి. నల్లదానికి రాగి తేలిన చోటు, ఒక చామంతి చుట్టూ ఉన్న నేల లూప్ లోంచి తీస్తే చాలు. ఎత్తు, వెడల్పు, అంచు దగ్గర మందం మిల్లీమీటర్లలో, బరువు గ్రాముల్లో రాయండి. తుడవడం మాత్రం ఫోటోలు తీశాకే.